వేసవికి యూరప్ బయలుదేరే ముందు హాస్టల్ గదిలో చూసుకోవలసినవి

• ముందు పాస్‌పోర్టు తీయండి. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. వీసా దరఖాస్తు 6 నెలల ముందు నుంచే పెట్టవచ్చు, పరీక్షలయ్యాక చూద్దామనుకోవద్దు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు.

• వీసా కోసం కాలేజీ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) మీద సంతకం సెలవులకు ముందే. నేను ఆలస్యం చేసి, తాళం వేసిన విభాగం ముందు రెండు రోజులు నిలబడ్డాను.

• ఆవకాయ పెద్ద పెట్టెలోనే. సీసా మూత చుట్టూ టేపు, దానిపైన రెండు ప్లాస్టిక్ సంచులు. నూనె కారితే చొక్కాలన్నీ ఆవఘాటే! నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అమ్మను ఒప్పించడమే కష్టం.

• పవర్ బ్యాంకు చేతిసంచిలో.

• పరుపు చుట్టి, బకెట్టు పక్కగది వాళ్లకు అప్పగించండి.