సినిమాలో కత్తెర ఎక్కడ పడిందో పట్టుకోవడం ఎలా

మన సినిమాలకి మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది కదా, ఆ పది సెకన్లూ మనం ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటూ గడిపేస్తాం. ఈసారి దాని కింద ఎడమ మూల చూడండి, అక్కడ చిన్న త్రిభుజం గీసి ఉంటే బోర్డు చెప్పిన కట్స్ పడ్డాయని అర్థం. ఏమేం తీసేశారో సర్టిఫికెట్ రెండో భాగంలో రాస్తారు, అది కూడా తెర మీద వేస్తే, ఇంట్లో చూస్తున్నట్టయితే, పాజ్ కొట్టి తీరిగ్గా చదువుకోవచ్చు.

అయితే ఇది బయటికి కనపడే కత్తెర. అసలు గొడవంతా సర్టిఫికెట్ దాకా రాకుండానే ఎడిటింగ్ రూమ్‌లో అయిపోయే దానితోనే, దానికి ఏ కాగితంలోనూ లెక్క ఉండదు.

అమెరికా సంగతే చూడండి. అక్కడ 1968లో మొదలైన రేటింగ్ ప్రభుత్వానిది కాదు, స్టూడియోల సంఘానిది, తీసుకోవాలని చట్టం కూడా లేదు. కానీ ఎన్‌సీ-17 (అంటే 17 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వాళ్ళని రానివ్వరు) వచ్చిందంటే చాలా థియేటర్లు ఆ సినిమా వేసుకోవు, అందుకని స్టూడియో ముందే డైరెక్టర్ అగ్రిమెంట్‌లో ఆర్ (17 లోపు వాళ్ళు పెద్దవాళ్ళతో రావాలి అనే, దాని కింది రేటింగ్) దాటకుండా ఇవ్వాలి అని రాయించుకుంటుంది, ఇక బోర్డు కొయ్యమని చెప్పక్కర్లేదు, వీళ్ళే కోసుకుని మళ్ళీ చూపించి మళ్ళీ కోసుకుంటారు. పైగా చూసి రేటింగ్ ఇచ్చేవాళ్ళలో చాలామంది పేర్లు బయటపెట్టరు.

అందుకే అక్షరం చూసి ఆగిపోకండి, పక్కన చిన్నగా రాసే కారణం చదవండి. 2010లో వచ్చిన ది కింగ్స్ స్పీచ్‌లో నత్తి ఉన్న రాజుగారి చేత థెరపిస్ట్ బూతులు తిట్టిస్తాడు, అంతే, దెబ్బలాటలు కూడా ఏం లేవు, అయినా అమెరికాలో ఆర్ ఇచ్చారు, ఎందుకంటే ఒక ఫలానా బూతు ఒకటికి మించి వస్తే మామూలుగా పీజీ-13 (ఆర్ కన్నా మెత్తనిది, పిల్లలూ రావచ్చు కానీ 13 లోపు వాళ్ళ విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి అనేది) దక్కదు. 2011లో ఆ మాటలు మ్యూట్ చేసి పీజీ-13 వెర్షన్ ఒకటి రిలీజ్ చేశారు. బ్రిటన్‌లో అయితే ముందు 15 (15 ఏళ్ళు నిండినవాళ్ళకే) అన్నారు, అప్పీల్‌కి వెళ్తే ఒక్క మాట తియ్యకుండానే 12ఏ (12 లోపు వాళ్ళు పెద్దవాళ్ళతో రావచ్చు) ఇచ్చేశారు. అదే పీజీ-13లో తుపాకులతో డజన్లమందిని కాల్చినా నెత్తురు కనపడకపోతే పెద్దగా పట్టింపు ఉండదు, నాకైతే ఇది ఎప్పటికీ మింగుడు పడదు. కాబట్టి గుళ్ళ వర్షం కురుస్తున్నా చొక్కా మీద మరక లేదంటే రేటింగ్ కోసం తుడిచారేమో అని అనుమానించండి.

తర్వాత నిడివి. రెండు వెర్షన్ల రన్‌టైమ్ పక్కపక్కన పెట్టి చూడండి, కానీ తొందరపడకండి, నేనూ ఓసారి పాత డీవీడీ నాలుగు నిమిషాలు తక్కువుందని కోసేశారని అందరికీ చెప్పి తర్వాత నాలిక కరుచుకున్నా. పాత పాల్ (PAL, యూరప్‌లోనూ మన దగ్గరా వాడిన టీవీ పద్ధతి) డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 చొప్పున నడిపేవాళ్ళు, 100 నిమిషాలది 96 అయిపోతుంది, సీన్ ఒక్కటీ పోదు.

ఇక చెవులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, డైలాగ్ మధ్యలో పెదాలు కదులుతున్నా మాట లేకపోయినా, వెనక మ్యూజిక్ ఒక్కసారిగా తడబడి ముందుకి దూకినా అక్కడ ఏదో లేపేశారన్నమాట. ఓటీటీలో అయితే సబ్‌టైటిల్స్ ఆన్ చెయ్యండి, ఒక్కోసారి ఆడియోలో నొక్కేసిన మాట కింద నిక్షేపంగా కనపడుతుంది, సబ్‌టైటిల్స్ సంగతి ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

చివరగా, కవర్ మీద అన్‌రేటెడ్ అని ఉంటే పూర్తి సినిమా అనుకుని ఎగబడకండి. ఆ వెర్షన్‌ని రేటింగ్ బోర్డుకి చూపించలేదు అని మాత్రమే దానర్థం, మొత్తం సినిమాలో మామూలు సీన్లు ఓ రెండు నిమిషాలు అతికించినా ఆ మాట రాసుకోవచ్చు.