కడుపులో రక్తస్రావానికి ఎంబోలైజేషన్: ఇంటివారు చూసుకోవలసినవి

పరకాల నుంచో నర్సంపేట నుంచో వరంగల్ ఆసుపత్రికి తెచ్చిన మనిషికి రక్తపు వాంతులు గాని, తారులా జిగురుగా నల్లని విరేచనాలు గాని అవుతుంటే, వైద్యులు ముందుగా సెలైన్, రక్తం ఎక్కించి బీపీని నిలబెడతారు. ఆ తర్వాత ఎండోస్కోపీతో (కెమెరా ఉన్న గొట్టంతో లోపల చూసే పరీక్ష) రక్తం కారే చోటును వెతికి అక్కడే ఆపడానికి చూస్తారు. అలా ఆగనప్పుడు, లేదా ఆగింది మళ్లీ మొదలైనప్పుడు, పొట్ట కోయకుండా ధమని లోపలి నుంచే దాన్ని మూసే ఎంబోలైజేషన్ చేస్తారు. కాలేయం చెడి ఆహారనాళంలో ఉబ్బిన సిరలు పగిలితే దారి వేరు. ఈ పద్ధతి దానికి కాదు.

బయలుదేరేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవరులో వేసుకుని రండి. రక్తం పలుచబడే మాత్రలు, షుగరు మాత్రలు చాలామంది చెబుతారు గాని, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొన్న గోలీల సంగతి మరచిపోతారు. పుండు పడి రక్తం కారడానికి తరచుగా అవే కారణం. కిడ్నీ జబ్బు ఉన్నా, ఇదివరకు స్కానింగ్ డై (రక్తనాళాలు తెరమీద కనబడేందుకు ఎక్కించే మందు) పడకపోయినా తప్పక చెప్పాలి. రేషన్ కార్డు, ఆధార్ దగ్గర ఉంచుకుని, ఈ చికిత్స ఆరోగ్యశ్రీలో వస్తుందా అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

క్యాథ్ ల్యాబ్‌లో (ఎక్స్‌రే తెరమీద రక్తనాళాలను చూస్తూ చికిత్స చేసే గదిలో) గజ్జ దగ్గర మత్తు సూది ఇచ్చి, సుమారు 2 మిల్లీమీటర్ల లావున్న గొట్టాన్ని ధమనిలోకి పంపి డై ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టుంటుంది, భయపడనక్కరలేదు. నిమిషానికి దాదాపు అర మిల్లీలీటరైనా కారుతుంటేనే ఆ చోటు తెరమీద కనబడుతుంది కాబట్టి, కాసేపు ఆగిన రక్తస్రావం దొరక్కపోవచ్చు. దొరికితే సన్నని లోహపు తీగచుట్టలతోనో, జిగురుతోనో, స్పాంజిలాంటి ముక్కలతోనో మూస్తారు. చిన్నపేగు మొదటి భాగంలో పుండైతే రక్తనాళాన్ని పుండుకు అటూ ఇటూ కూడా మూయాలి. రెండు చెరువుల నీళ్లు పారే కాలువకు ఒక్క తూము మూస్తే నీరు ఆగనట్టే, అక్కడ రక్తం రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది.

వార్డుకు వచ్చాక నాలుగు నుంచి ఆరు గంటలు ఆ కాలు మడవకూడదు. మూత్రానికి లేవబోతే బెడ్‌ప్యాన్ అందించండి, దగ్గు వస్తే కట్టు మీద అరచేతితో నొక్కి పట్టండి. కట్టు తడిసినా, గజ్జ ఉబ్బినా, పాదం చల్లబడినా వెంటనే సిస్టర్‌ను పిలవాలి. పేగుల్లో మిగిలిన పాత రక్తం వల్ల ఒకటి రెండు రోజులు విరేచనం నల్లగానే ఉండవచ్చు. కాని ఎర్రని రక్తం పడినా, కళ్లు తిరిగి గుండె దడదడలాడినా, కడుపునొప్పి పెరుగుతున్నా ఆలస్యం చేయవద్దు. పేగుకు రక్తం అందకపోవడం అరుదే అయినా ప్రమాదకరం.

డిశ్చార్జి కాగితంలో ఏ రక్తనాళాన్ని దేనితో మూశారో రాయించుకోండి. ముందు ముందు ఎంఆర్‌ఐ తీయించేచోట అది చూపించవలసి ఉంటుంది.