వేడెక్కాక మస్టాంగ్ స్టార్ట్ కావట్లేదా? సెల్ఫ్ మోటార్ కొనేముందు ఎర్త్ చూడండి

నా దగ్గరున్నది 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 క్యూబిక్ అంగుళాల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ దగ్గర ఇలాంటి పాత బండ్లు ఇంకో నాలుగైదు ఉన్నాయి. ఏది మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. ఎండాకాలంలో వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకే తీరు: "అన్నా, పొద్దున చక్కగా స్టార్ట్ అయింది. గ్యాస్ (పెట్రోల్) కొట్టించుకుని మళ్ళీ తాళం తిప్పితే సెల్ఫ్ ఈడుస్తోంది." అప్పటికే కొత్త బ్యాటరీ కొనేసి ఉంటారు, సెల్ఫ్ మోటార్‌కి ఆర్డర్ పెట్టేసి ఉంటారు. మీటర్ పెట్టి చూశావా అంటే మాత్రం లేదంటారు. రెండు నిమిషాల పని అది. దాన్ని వదిలేసి వందల డాలర్లు ఖర్చుపెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బ్యాటరీ ఛార్జి, టెర్మినళ్ళ బిగింపు, చిలుము తుడవడం మీరు చూసుకునే ఉంటారనుకుని అసలు సంగతికి వస్తాను.

వేడి మీద సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే

ముందు తప్పు టైమింగ్‌లో, అంటే సిలిండర్‌లో నిప్పు పడే వేళలో ఉందా, కరెంటులో ఉందా తేల్చుకోండి. నిప్పు పుట్టించే కాయిల్ నుంచి, దాన్ని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్యకి వెళ్ళే వైరు డిస్ట్రిబ్యూటర్ వైపు ఊడదీసి, ఆ కొసని ఇంజిన్ లోహానికి ఆనించి ఉంచండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఇప్పుడు ఇంజిన్ హుషారుగా తిరిగితే టైమింగ్ మరీ ముందుకు జరిగి ఉంది. పిస్టన్ పైకి రాకముందే నిప్పు అంటుకుని దాన్ని వెనక్కి తన్నుతోంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపు తీసి మూసి, టైమింగ్ లైటు పెట్టి మాన్యువల్లో ఉన్న అంకెకి తెచ్చుకోండి, సరిపోతుంది.

వైరు తీసినా అలాగే ఈడుస్తోందంటే కరెంటు దారిలోనే ఎక్కడో అడ్డు ఉంది. నూటికి తొంభైమంది ఎర్ర వైరే చూస్తారు. నల్ల వైరు, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకి వెళ్ళే ఎర్త్ వైరు జోలికి ఎవరూ పోరు. కానీ సెల్ఫ్‌లోకి వెళ్ళిన కరెంటు అంతా మళ్ళీ బ్యాటరీకి చేరాల్సింది ఆ నల్ల వైరు మీదుగానే. వి8 ఇంజిన్‌ని తిప్పేటప్పుడు ఆ దారిలో నూట యాభై ఆంపియర్లకి పైనే పారుతుంది. అక్కడ ఒక్క వోల్టు పోయినా, నూట యాభై వాట్ల బల్బుకి సరిపడా శక్తి ఆ ఒక్క జాయింటులోనే వేడిగా పోతున్నట్టు.

దీనివల్ల నేను గట్టిగానే దెబ్బతిన్నాను. ఇంజిన్ విప్పి, సీళ్ళన్నీ మార్చి, ఎంతో ముచ్చటపడి ఫోర్డ్ నీలం రంగు వేయించాను. బండి బయటికొచ్చిన వారానికే వేడి మీద సెల్ఫ్ ఈడవడం మొదలైంది. బ్యాటరీ మార్చాను. తాళం తిప్పితే సెల్ఫ్‌కి కరెంటు వదిలే సోలెనాయిడ్ మార్చాను. సెల్ఫ్ మోటార్ రీబిల్ట్‌ది వేశాను. దాదాపు మూడు వందల డాలర్లు అయ్యాయి. అయినా ఒక సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో, పిల్లలు వెనక సీట్లో ఉండగా బండి ఆగిపోయింది. నాలుగైదుసార్లు తాళం తిప్పి, బానెట్ ఎత్తి, బ్లాకుకి బిగించిన ఎర్త్ వైరు కొస మీద చెయ్యి వేశాను. వేలు చురుక్కుమంది. పక్కనే ఉన్న బ్లాకు కన్నా ఆ కొస వేడిగా ఉంది. ఇంటికొచ్చాక బోల్టు విప్పితే, వైరు కొస కింద నీలం రంగు గుండ్రంగా, ఎక్కడా గీత పడకుండా ఉంది. బోల్టు రంధ్రం అంచున మాత్రం గోరంత మేర లోహం బయటపడి ఉంది. ఇన్నాళ్ళూ కరెంటంతా ఆ గోరంత చోటు నుంచీ, బోల్టు మర నుంచీ పోతోంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చేది. వేడెక్కేసరికి రాగిలోనూ జాయింటులోనూ అడ్డు పెరిగేది, అప్పుడు సెల్ఫ్‌కి అందేది చాలేది కాదు.

పరీక్ష ఇలా చెయ్యండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టులకి పెట్టండి. ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకే (పైకి పొడుచుకొచ్చిన సీసపు మొలకకే) ఆనించాలి, దాని మీది క్లాంపుకి కాదు. రెండో మొన ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని చోట, గీకి మరీ పెట్టండి. కాయిల్ వైరు తీసే ఉంచి ఒకరిని తాళం తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. 0.5 దాటితే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. బండి వేడిగా ఉన్నప్పుడే చెయ్యండి. చల్లటి ఇంజిన్ మీద చేసి "బానే ఉంది అన్నా" అనకండి.

మందు చవకే. బోల్టు విప్పి, కొస కిందా బ్లాకు మీదా ఎమెరీ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్దండి. పళ్ళున్న వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన రంగు పూసుకోండి. వైరు సన్నగా ఉంటే రెండో నంబరు గేజి లేదా అంతకన్నా లావుది వెయ్యండి. ఇంకోటి: ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి దానంతటది ఎర్త్ అందదు. ఇంజిన్ వెనక నుంచి ఫైర్‌వాల్‌కి జడలా అల్లిన పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు అందరూ మరిచేది దాన్నే. అది లేకపోతే హెడ్‌లైట్ల కరెంటు యాక్సిలరేటర్ రాడ్డులోంచో, స్పీడోమీటర్ కేబుల్లోంచో దారి వెతుక్కుంటుంది. లైట్లు మసకగా ఉండి, ఇండికేటర్ వేసినప్పుడల్లా మిణుకుమంటుంటే ఆ పట్టీ ఉందో లేదో చూడండి.

ఎర్త్ సరిగ్గా ఉండీ ఇంకా ఈడుస్తుంటే అదే పరీక్ష ఎర్ర వైరు వైపు, సోలెనాయిడ్ మీద చెయ్యండి. అప్పుడు కూడా ఏమీ దొరక్కపోతేనే సెల్ఫ్ మోటార్ మీద అనుమానపడండి. ఫ్లైవీలు పళ్ళు అరగడం లాంటివి చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

మిగతావి

పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే మీటర్ల వెనక ఉండే చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్ చూడండి. ఒక్కటే తప్పయితే దానికి కొలత పంపే సెండర్ చూడండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే వేడెక్కితే ఫ్యాన్, దాని చుట్టూ ఉండే తొడుగు చూడండి. హైవే మీద వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయి ఉండవచ్చు.

ఇక్కడి గ్యాస్‌లో మామూలుగా పది శాతం దాకా ఇథనాల్ కలుపుతారు. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి లోపలే ముడుచుకుపోతాయి. జె30ఆర్9 అని రాసి ఉన్నవి వేసుకోండి. ట్యాంకు దగ్గర ఉండే పొట్టి పైపు మరవకండి.

బ్రేకుల విషయంలో మాత్రం పొదుపు వద్దు. 1966 మస్టాంగ్‌లో, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. ఏ ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 నుంచి రెండు గదులది వచ్చింది. అది వేయించుకున్నాకే పిల్లల్ని ఎక్కించండి.

ఖర్చు మాటకొస్తే, ఇంజిన్ సామాను అన్నిచోట్లా దొరుకుతుంది, ధరా అందుబాటులోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ పాత కార్లకి ఇచ్చేది, బండి విలువ ముందే ఒప్పుకునేది తీసుకోండి. జేబు ఖాళీ చేసేది తుప్పు. ముందు అద్దం కింద గాలి కోసం పెట్టిన జాలీలోంచి నీళ్ళు దిగి లోపలి రేకు తినేస్తుంది. పైన మెరుస్తున్న రంగు చూస్తే అది తెలియదు. దాన్ని కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించాలంటే వేల డాలర్ల మాట. బండి కొనేముందు ఆ జాలీలో రెండు చెంబుల నీళ్ళు పోసి, డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే బేరం ఆపేయండి.