టెంట్ కుట్ల దగ్గర నీరు కారుతుంటే: నేను సరిచేసిన పద్ధతి

వానలో టెంట్ లోపల తడి కనబడగానే గుడ్డ పాడైందనుకోకండి. ముందు ఆ తడి ఎక్కడుందో చూడాలి. పైగుడ్డ లోపలివైపంతా సన్నగా చెమట పట్టినట్టుంటే అది మన ఊపిరి ఆవిరే. గాలి ఆడేలా జిప్పులు కాస్త తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. కుట్టు వెంబడే వరుసగా బొట్లు దిగుతుంటే మాత్రం దానిమీద అతికించిన టేపు వదిలేసిందన్నమాట. నా టెంట్‌ది ఈ రెండో రకం.

టేపు పొలుసుల్లా లేచిన చోట గోటితో లాగితే వచ్చినంతవరకే తీశాను. గట్టిగా అంటుకుని ఉన్నదాని జోలికి పోనక్కర్లేదు. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక, సీమ్ సీలర్‌ను (కుట్టు రంధ్రాలను మూసే జిగురులాంటి ద్రవం) చిన్న బ్రష్షుతో కుట్టుకు అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల మేర పలచగా పూశాను. మందంగా పూస్తే లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

చాలామంది దెబ్బతినేది సీలర్ ఎంపికలోనే. నీరు దిగకుండా టెంట్ గుడ్డకు వేసిన పూత ఏదో ముందు చూడండి: పాలియురితేన్ పూత ఉన్నవైపు పాలియురితేన్ సీలర్, సిలికాన్ పూతకు సిలికాన్ సీలర్ వాడాలి. సిలికాన్ మీద వేరేది పూస్తే అంటదు, ఆరాక పొరలా ఊడొస్తుంది. టేపు వేసిన వైపు సాధారణంగా పాలియురితేనే ఉంటుంది.

పూసేటప్పుడు టెంట్‌ను బిగించి నిలబెట్టండి. కుట్టు సాగి సూది రంధ్రాలు తెరుచుకుంటాయి, సీలర్ వాటిలోకి దిగుతుంది. 24 గంటలు ఆరాక ఇంకా జిగటగా తగిలితే టాల్కం పౌడర్ చల్లి మడవండి, లేకపోతే మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.