నాలుగో భాగంతో మొదలుపెట్టేవాళ్లకి మూడు భాగాల కథ అందించడం ఎలా

నేను గేమ్‌లకి కథలు, డైలాగులు రాస్తాను. ఎక్కువగా నా చేతికి వచ్చేవి సీక్వెల్సే. నేను చేరేసరికే హీరోకి శత్రువులు తయారై ఉంటారు, ఒక రాజ్యం కూలిపోయి ఉంటుంది, చనిపోయారనుకున్నవాళ్లలో ఒకరిద్దరు తిరిగొచ్చి ఉంటారు. కొత్త భాగం కొనేవాళ్లలో మాత్రం ఆ సిరీస్ పేరు తప్ప ఇంకేమీ తెలియనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం పాత కథని ఎలా సర్దాలో, నేను పనిచేసే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. సొంతంగా ఒక చిన్న గేమ్ చేసి దానికి రెండో భాగం మొదలుపెట్టినవాళ్లకీ ఇది పనికొస్తుంది. ఉదాహరణల్లో కొన్ని గేమ్‌ల కీలక మలుపులు బయటపడతాయి, గమనించండి.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. గతంలో ఏం జరిగిందో కొత్త ప్లేయర్‌కి వరసగా చెప్పనక్కర్లేదు. దానివల్ల ఇవాళ ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో చూపిస్తే చాలు. సంఘటన పాతది, బాకీ ఇప్పటిది. ప్లేయర్ ఆడేది ఇప్పట్లోనే కాబట్టి బాకీ అతనికి వెంటనే అందుతుంది.

అందుకే రాయడం మొదలుపెట్టకముందే ఒక షీట్ తయారుచేస్తాను. పాత భాగాల్లోని ముఖ్యమైన సంఘటనలన్నీ ఒక పక్కన వస్తాయి. ఒక్కోదాని ఎదురుగా ఒకే ప్రశ్న: దీన్ని కొత్త గేమ్‌లో ఇంకా మోస్తున్నది ఎవరు? కోపంగా మోయొచ్చు, భయంగా మోయొచ్చు, ఒంటి మీద మచ్చగానో పాడుబడ్డ ఊరుగానో మోయొచ్చు. ఎదురుగా ఒక పేరు రాయగలిగితే ఆ సంఘటన కథలో ఉంటుంది. రాయలేకపోతే, అభిమానులు ఎంత ప్రేమించిన సన్నివేశమైనా సరే, కోడెక్స్‌లోకి, అంటే కావాలనుకున్నవాళ్లు మెనూలో తెరిచి చదువుకునే వివరాల పట్టీలోకి పోతుంది. ఈ వడపోత దగ్గర మొహమాటపడితే తర్వాత ప్రతి సీన్‌లోనూ ఇబ్బందే.

1998లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ చూడండి. దానికి ముందు ఎమ్ఎస్ఎక్స్2 కంప్యూటర్ మీద 1987లో ఒకటి, 1990లో ఒకటి రెండు భాగాలు వచ్చాయి. ఆ రెండోది అప్పటికి జపాన్ బయట విడుదలే కాలేదు. కాబట్టి ఎంతోమందికి మూడోదే మొదటిది. ఆ రెండు కథల సారాంశాన్ని మెనూలో చదువుకునేలా పెట్టారు, కానీ అది చదవకపోయినా గేమ్ ఆగదు. ఎందుకంటే పాత కథంతా ఇద్దరు మనుషులుగా ఎదురొస్తుంది. ఒకప్పుడు హీరో స్నేక్‌కి స్నేహితుడై, తర్వాత ప్రత్యర్థై, చనిపోయాడనుకున్న గ్రే ఫాక్స్ ఇప్పుడు సగం యంత్రమైన సైబోర్గ్ నింజాగా వచ్చి నాతో పోరాడు అంటాడు. విలన్ లిక్విడ్ అయితే, తండ్రి బిగ్ బాస్ మీద పగ తీర్చుకునే అవకాశం తనకి దక్కకుండా చేశావని హీరో స్నేక్ మీద రగిలిపోతుంటాడు. బిగ్ బాస్ ఎవరో, ఆ పోరాటం ఎక్కడ జరిగిందో తెలియని ప్లేయర్‌కి కూడా ఈ రెండు బాకీలూ అర్థమవుతాయి.

తర్వాతి పని, కథ లోపల ఏమీ తెలియని మనిషిని ఒకరిని వెతుక్కోవడం. అడగాల్సినవి ప్లేయర్ తరఫున ఆ మనిషి అడుగుతాడు. 2017 నాటి రెసిడెంట్ ఈవిల్ 7లో ఈథన్ వింటర్స్ భార్యని వెతుక్కుంటూ వచ్చిన మామూలు మనిషి. 1996 నుంచి నడుస్తున్న సిరీస్‌తో అతనికి సంబంధం లేదు. పాత హీరో క్రిస్ రెడ్‌ఫీల్డ్ చివర్లో గానీ కనిపించడు. 2020లో వచ్చిన యాకుజా: లైక్ ఎ డ్రాగన్‌లో హీరో ఇచిబాన్ పద్దెనిమిదేళ్లు జైల్లో ఉండి వస్తాడు కాబట్టి మనకి తెలియనిది అతనికీ తెలియదు. జ్ఞాపకం పోగొట్టుకున్న హీరో కూడా ఇదే దారిలో వస్తాడు. అది చాలాసార్లు వాడేసిన ఉపాయం కాబట్టి, జ్ఞాపకాన్ని తిరిగి వెతకడమే ఆటైతే తప్ప నేను దాని జోలికి పోను. జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో అది ఆటే. ఒక ఫోటో చూసి, కొండల్ని పోల్చుకుంటూ ఆ చోటికి నడిచి వెళ్తే అక్కడ జరిగింది హీరో లింక్‌కి గుర్తొస్తుంది. నడిచి సంపాదించుకున్న జ్ఞాపకాన్ని ఎవరూ స్కిప్ చెయ్యరు.

హీరోకి అన్నీ తెలిసి, ప్లేయర్‌కి ఏమీ తెలియనప్పుడే అసలు కష్టం. ఇక్కడ నాకు పాఠ్యపుస్తకం లాంటిది 2018 గాడ్ ఆఫ్ వార్. హీరో క్రేటోస్ కథ 2005లో గ్రీకు దేవతల మధ్య మొదలైంది. కొత్త గేమ్ ఉత్తర ఐరోపా పురాణాల నార్స్ దేశాల్లో, పక్కన ఆట్రియస్ అనే కొడుకుతో నడుస్తుంది. తండ్రి గతం ఆ పిల్లవాడికి తెలియదు, తండ్రి చెప్పడు. గేమ్ మొదట్నుంచీ క్రేటోస్ ముంజేతులకి కట్లు ఉంటాయి. అవి ఎందుకో ఎవరూ చెప్పరు. గంటల తర్వాత పిల్లవాడు జబ్బుపడతాడు. మందు కోసం చచ్చినవాళ్ల లోకమైన హెల్‌హైమ్‌కి వెళ్లాలి, అక్కడివాళ్ల మీద అతని మంచు గొడ్డలి పనిచెయ్యదు, నిప్పు కావాలి. క్రేటోస్ ఒంటరిగా ఇంటికి పడవ నడుపుకుంటూ వెళ్లి, నేల చెక్కల కింద దాచిన పాత కత్తుల్ని బయటికి తీసి, గొలుసుల్ని చేతులకి చుట్టుకుంటాడు.

ఆ సీన్‌లో ఏమేం పనులు జరిగాయో విడదీసి చూడండి. కొత్త ప్లేయర్‌కి ఒక కొత్త ఆయుధం వచ్చింది, అది అప్పటికి అతనికి నిజంగా అవసరం. ఈ మనిషి దేనికో సిగ్గుపడి దీన్ని నేలలో పాతిపెట్టాడని తెలిసింది. కట్ల కింద ఉన్నవి ఆ గొలుసుల మచ్చలని తెలిసింది. పాత ప్లేయర్‌కైతే ఆ కత్తులతో తను ఏమేం చేశాడో ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఒలింపస్‌లో జరిగినదంతా ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఈ ఇద్దరిలో ఒకరికి విసుగొచ్చేది, ఇంకొకరికి అయోమయంగా ఉండేది. గతం చేతికి వచ్చే వస్తువైనప్పుడు ఇద్దరికీ ఒకే సీన్ సరిపోతుంది.

ఇదే పని డైలాగ్‌లో ఎలా చెయ్యాలో ఒక ఊహా సిరీస్‌తో చూపిస్తాను. మొదటి భాగంలో హీరో అన్న లంచం తీసుకుని, నమ్మించి, కోట తలుపు శత్రువులకి తెరిపించాడు. తలుపు తీసిన కాపలాదారు ఆ రాత్రే చనిపోయాడు. రెండో భాగంలో అన్నని హీరోయే చంపాడు. మూడో భాగంలో అన్న కూతుర్ని తెచ్చి పెంచుకోవడం మొదలుపెట్టాడు. నాలుగో భాగం అదే కోట ముందు వానలో మొదలవుతుంది. పాపకి జ్వరం, వైద్యుడు లోపల ఉన్నాడు. కాపలాగా ఉన్నది పాత కాపలాదారు కొడుకు.

ఇలాంటిచోట మొదటి చిత్తుప్రతి సాధారణంగా ఇలా వస్తుంది:

"నువ్వా! పదేళ్ల కిందట నీ అన్న లంచం తీసుకుని ఈ తలుపు తెరిపించిన రాత్రే మా నాన్న చనిపోయాడు. ఆ తర్వాత నువ్వు నీ అన్నని చంపావని కూడా విన్నాను!"

విషయమంతా ఉంది, మనిషే లేడు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఎవరూ ఇలా మొదట్నుంచీ అప్పజెప్పరు. తండ్రి చనిపోయిన కొడుకు మాట ఇంత పొడుగ్గా రాదు. నేనైతే ఇలా రాస్తాను:

"మీ ఇంటివాళ్లకి తలుపు తీయడం మా నాన్నతోనే ఆఖరు."

అంతే. కొత్త ప్లేయర్‌కి మూడు సంగతులు అందాయి: ఈ హీరో కుటుంబం కోసం ఎవరో ఒకసారి తలుపు తీశారు, తీసినాయన ఇప్పుడు లేడు, ఇక్కడ మనల్ని నమ్మరు. పాత ప్లేయర్‌కి ఆ రాత్రంతా కళ్ల ముందు తిరుగుతుంది. తర్వాత కొడుకు పాప మొహం చూసి దిడ్డివాకిలి తీస్తాడు. "కత్తి అక్కడ పెట్టు. పాప ముందు, నువ్వు తర్వాత." ప్లేయర్ కత్తి కింద పెట్టాలి. కత్తి దూసే బటన్ నొక్కినా ఇక ఏమీ జరగదు, మొదటి లెవెల్ అంతా ఖాళీ చేతులతో ఆడాలి. అన్న చేసిన ద్రోహం ఏమిటో ఇంకా తెలియకముందే దాని ఖరీదు వేళ్లకి తెలిసిపోయింది.

లోపలికి వెళ్లాక పాప అడుగుతుంది: "బాబాయ్, వాళ్లు మనల్నెందుకు అలా చూస్తున్నారు?" ప్లేయర్‌కి మూడు జవాబులు ఇస్తాను. "చలిగా ఉంది, పద." "తర్వాత చెప్తాలే." "మీ నాన్న వల్ల." కొత్తవాళ్లు మూడోదాన్ని చూసి, ఈ పిల్ల తండ్రి ఏదో చేశాడన్నమాట అనుకుంటారు. పాతవాళ్లకి ఆ తండ్రిని తామే చంపామని తెలుసు, పాపకి తెలియదని తెలుసు, ఆ మాట ఎంచుకోవడానికి చెయ్యి ఆడదు. ఆ రెండో నిజాన్ని కొత్తవాళ్ల కోసం గేమ్ సగం దాటేదాకా దాచిపెడతాను.

ఈ డైలాగుల్లో ఒక్క పేరూ లేదని గమనించండి. నాన్న, బాబాయ్, మీ ఇంటివాళ్లు, అంతే. కొత్తవాళ్లు పేర్లు గుర్తుపెట్టుకోలేరు, చుట్టరికాలు మర్చిపోరు. ఒక మనిషిని మొదటిసారి ప్రస్తావించేటప్పుడు వరసతోనో వృత్తితోనో పిలిపించండి. ఆ మనిషి తెర మీదికి వచ్చాక పేరు చెప్పండి. రాజ్యాలకీ సంస్థలకీ ఇంతే. ముందు వాళ్లు ఏం చేస్తారో కనబడాలి, జెండా పేరు తర్వాత.

మెయిన్ మెనూలో పెట్టే రీక్యాప్ వీడియో, అంటే పాత కథని క్లుప్తంగా గుర్తుచేసే వీడియో సంగతి. పెట్టండి, తప్పకుండా పెట్టండి, పాత భాగం ఆడి మర్చిపోయినవాళ్లకి అది పెద్ద సాయం. 2022 గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ మెనూలో అలాంటిది ఉంది. కింగ్‌డమ్ హార్ట్స్ 3 కథ 2002 నుంచి రకరకాల కన్సోళ్ల మీద చెల్లాచెదురుగా నడిచింది కాబట్టి 2019లో మెమరీ ఆర్కైవ్ పేరుతో అయిదు చిన్న వీడియోలు మెనూలో పెట్టారు. కానీ ఆ వీడియో చూడకపోతే అర్థంకాని సీన్ గేమ్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు. వీడియో రాసేటప్పుడు "ఆ తర్వాత, ఆ తర్వాత" అని పేర్చకండి. "అందువల్ల", "అయినా సరే" అనే మాటలతో వాక్యాలు అతుక్కోవాలి. అతకని వాక్యం ఆ వీడియోకి అక్కర్లేనిది.

కోడెక్స్ విషయంలో ఫైనల్ ఫాంటసీ 16 చేసిన పని నాకు ఎంతో నచ్చింది. 2023 నాటి ఆ గేమ్‌లో కట్‌సీన్‌ని (ఆడకుండా చూసే సన్నివేశాన్ని) మధ్యలో ఆపి యాక్టివ్ టైమ్ లోర్ తెరిస్తే, ఆ క్షణాన తెర మీద ఉన్న మనుషులు, ఆ చోటు, అప్పుడు వినబడిన పదాలు మాత్రమే వస్తాయి. కొండవీటి చాంతాడంత జాబితాలో వెతుక్కునే పని లేదు. 2018 నాటి పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2లో డైలాగ్‌లోని రంగు మాట మీద మౌస్ పెడితే చిన్న వివరం వస్తుంది. మీకు అంత బడ్జెట్ లేకపోయినా రాసే పద్ధతి మాత్రం వాడుకోండి: ఒక్కో ఎంట్రీకి రెండు మూడు వాక్యాలు, మొదటి వాక్యం ఇప్పటి గురించి, చరిత్ర తర్వాత. కథ ముందుకి జరిగేకొద్దీ ఎంట్రీ మారాలి, లేకపోతే కోడెక్సే మలుపుల్ని ముందుగా చెప్పేస్తుంది.

పాత భాగాల్లో ప్లేయర్ తీసుకున్న నిర్ణయాల మీద కథ నడిచే సిరీస్‌కి ఇంకో చిక్కు ఉంది, కొత్తవాళ్ల దగ్గర ఆ నిర్ణయాలు దాచి ఉంచే సేవ్ ఫైల్ ఉండదు. మాస్ ఎఫెక్ట్ 2 2011లో ప్లేస్టేషన్ 3కి వచ్చినప్పుడు మొదటి భాగం అప్పటికి ఆ కన్సోల్ మీద లేదు. జెనెసిస్ అనే ఇంటరాక్టివ్ కామిక్ ఇచ్చి, కీలకమైన నిర్ణయాలు అందులోనే తీసుకోనిచ్చారు. 2015 నాటి విచర్ 3 ఇంకో అడుగు వేసింది. మొదట్లో ఒక ఆప్షన్ ఎంచుకుంటే, హీరో గెరాల్ట్‌కి గడ్డం గీయిస్తుండగా మోర్వ్రాన్ వూర్హిస్ అనే సేనాని రెండో భాగం సంగతులు అడుగుతాడు. గొంతు దగ్గర కత్తి ఆడుతుంటే మనం జవాబులు చెబుతాం. రెండో భాగంలోని ప్రత్యర్థి లెథోని ప్రాణాలతో వదిలానని చెబితే అతను తర్వాత ఒక క్వెస్ట్‌లో ఎదురుపడతాడు. ప్రశ్నపత్రం కూడా సీనే అయింది. మీరూ ప్రశ్నలు అడగాల్సివస్తే, ఈ గేమ్‌లో ఫలితం కనబడేవే అడగండి.

చివరిగా పరీక్ష. సిరీస్ తెలియనివాళ్లని, బాగా తెలిసినవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టి మొదటి గంట ఆడిస్తాను. అర్థమైందా అని ఎప్పుడూ అడగను, మర్యాదకి అందరూ అయిందనే అంటారు. "ఇక్కడ ఎవరికి ఎవరి మీద కోపం? నువ్వు ఇప్పుడు ఎవరిని కాపాడాలనుకుంటున్నావు?" అని అడుగుతాను. కొత్తవాళ్లు ఆడుతూ పైకి అనే ప్రశ్నలన్నీ రాసుకుని రెండు కుప్పలు చేస్తాను. "ఈయనెవరు?", "అదేంటి?" అనేవి ఒక కుప్ప. అవి వచ్చిన ప్రతి డైలాగ్‌నీ తిరిగి రాస్తాను. "ఎందుకలా చేశాడు?", "ఆ తలుపు దగ్గర అసలేం జరిగింది?" అనేవి రెండో కుప్ప. వీటిని ముట్టుకోను. ఒక్కో ప్రశ్న పక్కన, దానికి జవాబు దొరికే సీన్ నంబర్ స్క్రిప్ట్‌లో వేస్తాను. నంబర్ పడని ప్రశ్న మిగిలితే, దానికి ఒక కొత్త సీన్ రాయాలి.