తక్కువ ఖర్చుతో ఇంట్లోనే ప్రొటీన్ చిరుతిళ్లు చేసుకోవడం ఎలా?

తక్కువ డబ్బుతో ఎక్కువ ప్రొటీన్ కావాలంటే ముందుగా చూడవలసినవి ఎండు గింజలే. 100 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 20 గ్రాముల, వేరుశనగ పప్పులో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అదే శనగలను ఉడికించి తూస్తే 100 గ్రాములకు సుమారు 9 గ్రాములే వస్తుంది. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, గింజ నీటిని పీల్చుకొని బరువెక్కిందంతే. కాబట్టి ఆ నీటిని మళ్లీ బయటకు పంపగలిగితే చిరుతిండి కరకరలాడుతుంది, పిడికెడు తిన్నా తగినంత ప్రొటీన్ అందుతుంది.

ముందుగా వేపిన శనగలు. 200 గ్రాముల శనగలను కడిగి, మూడింతల నీళ్లు పోసి 8 నుంచి 10 గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి, వేలితో నొక్కితే మెత్తగా నలిగేలా, అయితే గింజ ఆకారం చెడకుండా ఉడికించండి. తర్వాత నీళ్లు పూర్తిగా వార్చి, పొడి గుడ్డపై పలుచగా పరచి కనీసం అరగంట ఆరనివ్వాలి. చాలామంది తొందరపడి వదిలేసే పని ఇదే కానీ, ఫలితం మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే తడి గింజలు ముందు తమ ఆవిరిలో తామే ఉడుకుతాయి, పైపొర మాడే సమయానికి కూడా లోపల మెత్తగానే ఉండిపోతాయి.

ఆరిన శనగలకు ఒక చెంచా నూనె, ఉప్పు పట్టించి, ట్రేలో ఒకే వరుసగా పరచి, 200 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడెక్కిన ఓవెన్‌లో 35 నుంచి 45 నిమిషాలు ఉంచండి, మధ్యలో మూడు నాలుగు సార్లు కదపండి. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడులో సన్నని సెగపై, వదలకుండా కలుపుతూ వేపినా సరిపోతుంది, కాస్త ఓపిక కావాలి. వేగాయో లేదో తెలుసుకోవడానికి ఒక గింజను తీసి, ఒక నిమిషం చల్లారనిచ్చి కొరకండి: వేడిగా ఉన్నప్పుడు బాగా వేగిన గింజ కూడా మెత్తగానే అనిపిస్తుంది. కారం, వెల్లుల్లి పొడి వంటివి దించిన తర్వాతే చల్లాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి.

వేడి తగ్గకుండా డబ్బాలో పోసి మూత పెడితే లోపలి ఆవిరి నీరై గింజలు మళ్లీ మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాకే నిల్వ చేసి, రెండు మూడు రోజుల్లో తినేయడం మంచిది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో తయారవుతుంది. శనగల ప్రొటీన్‌లో వాటిలో ఒకటైన లైసిన్ బాగా ఉంటుంది, మరొకటైన మెథియోనిన్ తక్కువ. మొక్కజొన్న వంటి ధాన్యాల్లో ఇందుకు భిన్నంగా ఉంటుంది. అందువల్ల శనగలను పాప్‌కార్న్‌తో కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

తీపి కావాలనుకునేవారు వేరుశనగ ఉండలు చేసుకోవచ్చు. వేరుశనగ పప్పు, ఓట్స్, గింజ తీసిన ఖర్జూరం తలా 100 గ్రాములు తీసుకోండి. వేరుశనగ పప్పులో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి తప్పకుండా ఏరి పారేయండి, ఎందుకంటే బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేపినంత మాత్రాన పూర్తిగా పోదు. పప్పును, ఓట్స్‌ను విడివిడిగా దోరగా వేపి, చల్లార్చి, మిక్సీని ఆపి ఆపి తిప్పుతూ బరకగా పొడి చేయండి. ఖర్జూరం వేసి మరోసారి తిప్పితే ముద్దకు వస్తుంది, నీళ్లు అవసరం లేదు. 12 ఉండలు చేస్తే ఒక్కోదానిలో మూడు గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. వేరుశనగ అలర్జీ ఉన్నవారు వీటిని తినకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున వేపిన శనగలు, వేరుశనగ గింజలు వంటివి అలాగే పెట్టకండి.

శనగల్లో చేసినట్టు నీటిని బయటకు పంపే పద్ధతి పెరుగుకూ వర్తిస్తుంది. శుభ్రమైన పలుచని గుడ్డలో పెరుగు మూటగట్టి, గిన్నెపై వేలాడదీసి ఫ్రిజ్‌లో ఐదారు గంటలు ఉంచితే నీరు దిగి, పరిమాణం సగమవుతుంది, ప్రొటీన్ చిక్కదనం రెట్టింపుకు దగ్గరగా చేరుతుంది. దిగిన నీటిలోనూ కొంత ప్రొటీన్ ఉంటుంది కాబట్టి దాన్ని పారబోయకుండా పిండి కలపడానికో, సూప్‌లోనో వాడుకోండి. గట్టిపడిన పెరుగులో ఉప్పు, మిరియాల పొడి కలిపి కీరదోస, క్యారెట్ ముక్కలను అద్దుకొని తినవచ్చు. ఫ్రిజ్‌లో మూడు రోజుల వరకు బాగుంటుంది.