చిన్న బేస్ గిటార్ కేబినెట్‌కి ఏ స్పీకర్ వేయాలి?

బేస్ కేబినెట్‌కి స్పీకర్ అనగానే షాపులో నడిచే మాటలు రెండే: ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్స్. నిజానికి ఈ రెండూ ఆఖర్న చూసుకోవాల్సినవి. స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే కోన్ ఎంత గాలిని నెట్టగలదు, మీరు కట్టబోయే బాక్స్‌లో అది ఎలా ప్రవర్తిస్తుంది అన్నవే ముందు తేలాలి. ఇవి తేల్చుకోకుండా 500 వాట్స్ స్పీకర్ తెచ్చి 25 లీటర్ల బాక్స్‌లో బిగిస్తే, వాల్యూమ్ సగం దాటకముందే పటపటమని కొట్టుకుంటుంది.

ముందు ఆశకు హద్దు పెట్టుకోండి

చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ వాట్స్‌కే పెద్ద శబ్దం. ఈ మూడింట్లో ఏవైనా రెండే దొరుకుతాయి. స్పీకర్లు కట్టేవాళ్లు దీన్ని హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. ఎంత ఖరీదైన స్పీకర్ వేసినా దీన్ని తప్పించుకోలేం. కాబట్టి దేన్ని వదులుకోవాలో మనమే ముందు నిర్ణయించుకోవాలి.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే మందమైన ‘ఈ’ స్ట్రింగ్ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. ఐదు తీగల బేస్‌లో ‘బీ’ స్ట్రింగ్ 31 హెర్ట్జ్. కేబినెట్ కూడా అక్కడిదాకా దిగాలేమో అన్న భయం చాలామందికి ఉంటుంది, అవసరం లేదు. 1969లో వచ్చి దశాబ్దాలుగా స్టేజీల మీద నిలబడిన ఆంపెగ్ ఎస్‌వీటీ, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న నాలుగడుగుల ఎత్తు కేబినెట్. దాని స్పెసిఫికేషన్ ప్రకారమే 58 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పడిపోతుంది, 40 దగ్గర 10 డెసిబెల్స్ పడిపోతుంది. ‘ఈ’ స్ట్రింగ్ మీటినప్పుడు చెవికి బలంగా అందేవి 82, 123 హెర్ట్జ్ దగ్గరి హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు ఉండే ఫ్రీక్వెన్సీలు. వాటిని బట్టి అసలు స్వరాన్ని మెదడే పోల్చుకుంటుంది. చిన్న కేబినెట్ 60-80 హెర్ట్జ్ నుంచి పైకి శుభ్రంగా, గట్టిగా పలికితే రిహార్సల్‌కీ, చిన్న హాలుకీ, చర్చిలో పాటల బృందానికీ సరిపోతుంది.

ఈ వ్యాసంలో చిన్న కేబినెట్ అంటే లోపలి ఘనపరిమాణం 25 నుంచి 60 లీటర్ల మధ్య ఉన్నది. అందులో ఒక 10 అంగుళాల స్పీకర్ గానీ, ఒక 12 అంగుళాలది గానీ పడుతుంది.

డేటాషీట్ చదవడం

నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లతో పిలిచే పారామీటర్లు ప్రతి మంచి స్పీకర్ డేటాషీట్‌లో ఉంటాయి. ఎమినెన్స్, సెలెస్టియన్, ఫైటల్, బీ అండ్ సీ, బేమా లాంటి కంపెనీలు వాటిని తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఆ అంకెలు దొరకని స్పీకర్‌ని ఎంత చవకైనా బేస్‌కి కొనకండి. దానికి ఎంత బాక్స్ కట్టాలో ఎవరూ చెప్పలేరు.

చూడాల్సినవి ఇవి. ఎఫ్‌ఎస్ అంటే స్పీకర్ విడిగా ఉన్నప్పటి రెజొనెన్స్, అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. బేస్‌కి 40 నుంచి 55 హెర్ట్జ్ మధ్య ఉంటే బాగు. క్యూటీఎస్ ఆ రెజొనెన్స్ ఎంత అదుపులో ఉందో చెబుతుంది. వీఏఎస్ లీటర్లలో ఉంటుంది, కోన్‌ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఎంత మెత్తనిదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఎస్‌డీ అంటే కోన్ విస్తీర్ణం. ఎక్స్‌మ్యాక్స్ అంటే శబ్దం చెడకుండా కోన్ ఒకవైపుకి ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో ఆ హద్దు.

ఒక మామూలు 10 అంగుళాల బేస్ స్పీకర్ అంకెలు ఇలా ఉన్నాయనుకోండి: ఎఫ్‌ఎస్ 50 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.40, వీఏఎస్ 50 లీటర్లు, ఎస్‌డీ 345 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 5 మి.మీ., సెన్సిటివిటీ (ఒక వాట్‌కి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 94 డెసిబెల్స్, పవర్ 250 వాట్స్. దీన్ని 25 లీటర్ల సీల్డ్ బాక్స్‌లో, అంటే ఎక్కడా గాలి సందు లేని బాక్స్‌లో వేయాలి.

వీఏఎస్‌ని బాక్స్ లీటర్లతో భాగించండి: 2. దానికి 1 కలపండి: 3. వర్గమూలం తీయండి: 1.73. ఈ అంకెతో క్యూటీఎస్‌ని గుణిస్తే బాక్స్ క్యూ 0.69 వస్తుంది. ఎఫ్‌ఎస్‌ని గుణిస్తే బాక్స్ రెజొనెన్స్ 87 హెర్ట్జ్ వస్తుంది. బాక్స్ క్యూ 0.7 దగ్గర ఉంటే బేస్ సమంగా, బిగువుగా వినిపిస్తుంది. 1 దాకా వెళ్లినా ఫరవాలేదు, కొంచెం గుండ్రంగా ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. 1.2 దాటితే ప్రతి నోటూ ఒకేలా బుం బుం అంటుంది.

ఇక్కడ బాక్స్ క్యూ బాగుంది. కానీ 87 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పడిపోయింది, 50 దగ్గరికి వచ్చేసరికి 10 డెసిబెల్స్ పడిపోతుంది. చిన్న సీల్డ్ బాక్స్ ఇచ్చేది అంతే.

250 వాట్స్ అన్న అంకె ఎక్కడ మోసం చేస్తుంది

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. డేటాషీట్‌లోని వాట్స్, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) కాలిపోకుండా ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే అంకె. కోన్ కదలిక హద్దుకీ దానికీ సంబంధం లేదు.

పై స్పీకర్‌నే లెక్కకు తీసుకుందాం. 345 చదరపు సెంటీమీటర్ల కోన్ 5 మి.మీ. చొప్పున ముందుకీ వెనక్కీ కదిలితే, 50 హెర్ట్జ్ దగ్గర, నేల మీద పెట్టిన బాక్స్ నుంచి మీటరు దూరంలో వచ్చేది సుమారు 101 డెసిబెల్స్. అంతకు మించి శుభ్రంగా రాదు. ఇప్పుడు వాట్స్ వైపు నుంచి చూడండి. ఒక వాట్‌కి 94, అందులోంచి 50 హెర్ట్జ్ దగ్గర పోయిన 10 తీసేస్తే 84. అక్కణ్నుంచి 101కి చేరాలంటే 17 డెసిబెల్స్, అంటే 50 వాట్స్. 250 వాట్స్ స్పీకర్ 50 హెర్ట్జ్ దగ్గర 50 వాట్స్‌కే చేతులెత్తేసింది. ఆపైన ఇచ్చే కరెంటంతా వేడికీ, వంకర శబ్దానికే పోతుంది.

శబ్దం అంతే ఉంచి ఫ్రీక్వెన్సీ సగానికి దించితే కోన్ నాలుగింతలు కదలాలి. ఆంప్ మీద బేస్ నాబ్ 12 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాలకు 16 రెట్ల పవర్ వెళ్తుంది. చిన్న కేబినెట్లు పాడయ్యేది చాలావరకు ఆ నాబ్ వల్లే.

అందుకే రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఎస్‌డీని ఎక్స్‌మ్యాక్స్‌తో గుణించి చూడండి. మన 10 అంగుళాలది 172 ఘన సెంటీమీటర్లు నెడుతుంది. 530 చదరపు సెంటీమీటర్లున్న 12 అంగుళాలది అదే 5 మి.మీ. కదిలితే 265 నెడుతుంది, దాదాపు 3.7 డెసిబెల్స్ లాభం. ఆంప్ పవర్ రెట్టింపు చేసినా దక్కేది 3 డెసిబెల్సే. బాక్స్‌కి 35-40 లీటర్లు ఇవ్వగలిగితే, మా మాట 12 అంగుళాలదే తీసుకోమని. ఎక్స్‌మ్యాక్స్ 4 మి.మీ. కంటే తక్కువున్న స్పీకర్‌ని ఒంటరిగా బేస్‌కి వాడకండి.

పోర్ట్ పెట్టాలా?

పోర్ట్ అంటే బాక్స్ లోపలి గాలి బయటికి ఆడేలా పెట్టే పైపు. అది కావాలో వద్దో తేల్చడానికి ఎఫ్‌ఎస్‌ని క్యూఈఎస్‌తో (క్యూటీఎస్‌లో అయస్కాంతం, కాయిల్ వంతు, ఇదీ డేటాషీట్‌లో ఉంటుంది) భాగించండి. 50 కంటే తక్కువ వస్తే సీల్డ్ బాక్స్, 100 దాటితే పోర్ట్ ఉన్న బాక్స్, మధ్యలో ఉంటే మీ ఇష్టం. మన ఉదాహరణలో క్యూఈఎస్ 0.42 అయితే 119 వస్తుంది, పోర్ట్‌కి పనికొస్తుంది. దీనికి తగిన బాక్స్ సుమారు 54 లీటర్లు, ట్యూనింగ్, అంటే పోర్ట్‌లోని గాలి గట్టిగా ఊగే ఫ్రీక్వెన్సీ, 48 హెర్ట్జ్. అప్పుడు 87కి బదులు 47 హెర్ట్జ్ దాకా దిగుతుంది. బాక్స్ రెట్టింపైంది, బేస్ దాదాపు ఒక ఆక్టేవ్ కిందికి వచ్చింది.

కట్టేటప్పుడు లోపలి కొలతలు 46 × 40 × 32 సెం.మీ. పెట్టుకోండి. ఇది దాదాపు 59 లీటర్లు. స్పీకర్ వెనక భాగం 2 లీటర్లు, పోర్ట్ పైపు, లోపలి అడ్డకర్రలు తలా ఒకటి చొప్పున తినేస్తాయి. ఇది మర్చిపోయి కట్టిన బాక్స్ చిన్నదవుతుంది, ట్యూనింగ్ పైకి పోతుంది. చెక్క 18 మి.మీ. ప్లైవుడ్ అయితే మేలు.

పోర్ట్‌కి లోపలి వ్యాసం 10 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు, ముందు పలక మందంతో కలిపి సుమారు 12 సెం.మీ. పొడవు. మొదట 15 సెం.మీ. కోసి పెట్టుకోండి, పైపు పొడవుంటే ట్యూనింగ్ కిందికి, కురచైతే పైకి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, ఆంప్ వాల్యూమ్ తక్కువలో ఉంచి, 35 నుంచి 65 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ కోన్‌ని చూడండి. ఒకచోట కోన్ దాదాపు కదలకుండా నిలబడిపోతుంది. అదే సమయంలో పోర్ట్ దగ్గర టిష్యూ పేపర్ పట్టుకుంటే అది గట్టిగా రెపరెపలాడుతుంది. అదే మీ బాక్స్ అసలు ట్యూనింగ్. 48 కంటే కింద ఉంటే పైపుని అర సెంటీమీటరు చొప్పున తగ్గిస్తూ రండి. 5 సెం.మీ. సన్నపైపు మాత్రం వాడొద్దు, గాలి ఉస్సుమంటుంది.

పోర్ట్ బాక్స్‌కి ఒక ప్రమాదం ఉంది. ట్యూనింగ్‌కి కింద ఉన్న స్వరాలకు లోపలి గాలి కోన్‌ని ఆపదు. కోన్ విడిగా గాల్లో ఉన్నట్టే ఊగుతుంది. 48 దగ్గర ట్యూన్ చేసిన బాక్స్‌లో 41 హెర్ట్జ్ అలాంటిదే, ‘బీ’ స్ట్రింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని ఆంప్‌కి ముందు 35-40 హెర్ట్జ్ దగ్గర కోసేసే హై-పాస్ ఫిల్టర్ పెట్టండి. చాలా కొత్త ఆంప్‌లలో ఇది లోపలే ఉంటుంది, లేకపోతే పెడల్‌గా దొరుకుతుంది. స్పీకర్ మీద ఇంకో రెండు వేలు పెట్టడం కంటే దీని మీద పెట్టడం మేలు.

ఈ లెక్కలన్నీ చేతితో చేయడం కష్టమనిపిస్తే విన్ ఐఎస్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అంకెలు ఎక్కిస్తే వాట్స్‌ని బట్టి కోన్ ఎంత కదులుతుందో గీత గీసి చూపిస్తుంది. ఎక్స్‌మ్యాక్స్ గీత ఎక్కడ దాటుతుందో చూశాకే డబ్బు కట్టండి.

పనికిరానివి

లీడ్ గిటార్ స్పీకర్ వద్దు. ఎఫ్‌ఎస్ 75-100, ఎక్స్‌మ్యాక్స్ మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది. బేస్ పడగానే చిరిగిపోతుంది. కారు సబ్‌వూఫర్‌లో ఎక్స్‌మ్యాక్స్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ సెన్సిటివిటీ 86 చుట్టూ ఉంటుంది. 95 ఉన్న స్పీకర్ ఇచ్చే శబ్దానికి దీనికి 8 రెట్ల పవర్ కావాలి. పైగా కొన్ని వందల హెర్ట్జ్ దాటాక మూగబోతుంది, వేళ్ల స్పష్టత మొత్తం పోతుంది. డీజే బాక్సుల్లో వేసే మిడ్-బేస్ స్పీకర్లు గట్టిగా మోగుతాయి. కానీ కొన్నింటిలో ఎక్స్‌మ్యాక్స్ 2-3 మి.మీ. మించదు, డేటాషీట్ చూడకుండా తీసుకోకండి.

ఓమ్స్

ఒక్క కేబినెట్టే జీవితకాలం వాడతారంటే, ఆంప్ 4 ఓమ్స్‌కి రేట్ అయి ఉంటే, 4 ఓమ్స్ స్పీకర్ తీసుకోండి. ఆంప్ పూర్తి పవర్ ఇస్తుంది. రేపు రెండో కేబినెట్ కలపాలనుకుంటే 8 ఓమ్స్ తీసుకోండి. రెండు 8 ఓమ్స్ పారలల్‌లో కలిస్తే 4 అవుతాయి. రెండు 4 ఓమ్స్ కలిస్తే 2 అవుతుంది, చాలా ఆంప్‌లు దాన్ని తట్టుకోలేవు. ట్యూబ్ ఆంప్ అయితే వెనక సెలెక్టర్‌లో అదే ఓమ్స్ పెట్టండి, స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ట్వీటర్ (పై స్వరాలకు వేసే చిన్న స్పీకర్) సంగతి: వేళ్లతో వాయించేవాళ్లకి అక్కర్లేదు, 10 అంగుళాల కోన్ 3 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయిస్తే పెట్టుకోండి, వాల్యూమ్ తగ్గించే ఎల్-ప్యాడ్‌తో సహా.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పెట్టె మీద ‘1000 వాట్స్’ అని ఉంటే అది ఏ వాట్స్ అని అడగండి. ఏఈఎస్ లేదా ఆర్‌ఎంఎస్ అంకె, అంటే స్పీకర్ ఎడతెగకుండా తట్టుకునే పవర్, కావాలి. ప్రోగ్రామ్ పవర్ దానికి రెట్టింపు, పీక్ నాలుగు రెట్లు ఉంటుంది. పీఎంపీఓ అని ఉంటే పట్టించుకోవద్దు. కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా పాత స్పీకర్ తీసుకుంటే, కోన్ మధ్యలో రెండు వైపులా నాలుగు వేళ్లు సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరగర తగిలితే వాయిస్ కాయిల్ రాసుకుంటోంది, వదిలేయండి. మల్టీమీటర్‌తో 8 ఓమ్స్ స్పీకర్‌కి 5 నుంచి 6.5, 4 ఓమ్స్‌దానికి 3 నుంచి 3.5 చూపించాలి.

పలకలో రంధ్రం డేటాషీట్‌లో ఇచ్చిన కొలతకే కోయండి. 10 అంగుళాలది సాధారణంగా 230-235 మి.మీ. ఉంటుంది. స్క్రూలు కాకుండా టీ-నట్లు, ఎం5 బోల్టులు వాడండి, ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. ఒకేవైపు బిగిస్తే ఫ్రేమ్ వంగి కాయిల్ పక్కకి జరుగుతుంది. లోపల 1.5 చదరపు మి.మీ. రాగి తీగ చాలు. వెనక స్పీకాన్ సాకెట్ పెట్టి 1+, 1− కి కలపండి. ఆంప్ నుంచి కేబినెట్‌కి గిటార్ కేబుల్ వాడొద్దు, సన్నటి తీగ వేడెక్కుతుంది.

సీల్డ్ బాక్స్‌లో దిండ్లకు వాడే రెక్రాన్ దూది వదులుగా నింపండి. పోర్ట్ బాక్స్‌లో గోడలకు మాత్రమే అంటించండి, పైపు నోటికి అడ్డం రాకూడదు.

పెన్సిల్ సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి రావాలి. సీల్డ్ బాక్స్‌లో కోన్‌ని కొంచెం నొక్కి వదిలితే మెల్లగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందుంది, సాకెట్ చుట్టూ, గాస్కెట్ కింద వెతకండి. ఆ తర్వాత ‘ఈ’ స్ట్రింగ్ మీటుతూ వాల్యూమ్ పెంచండి. జిర్రుమంటే గ్రిల్, లోపలి తీగ, వదులైన బోల్టు చూడండి. పర్రుమంటే కోన్ హద్దు దాటుతోంది, బేస్ నాబ్ తగ్గించండి. వేడి వార్నిష్ వాసన వస్తే వెంటనే ఆపేయండి, కాయిల్ కాలుతోంది.